ముప్పై ఒక్క పనులు

మా ల్యాబులో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకి పన్నెండేళ్లుగా నేనే దిక్కు. అది మొరాయిస్తే పెద్దపెద్ద ప్రొఫెసర్లు కూడా కాలు కాలిన పిల్లుల్లా నా చుట్టూ తిరుగుతారు. విద్యార్థులైతే నాకు మైక్రోస్కోపమ్మ అని పేరే పెట్టేశారు. ఎంత పేరున్నా నాది కాంట్రాక్టు ఉద్యోగమే, ఏడాదికోసారి కాగితం మారుస్తారు. అందుకే ఆ పోస్టును పర్మనెంటు చేసి ప్రకటన వేస్తారని తెలిసిన రోజు నా కాలు నేలమీద నిలవలేదు.

మా హెడ్డు నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"నువ్వు చేసే పనులన్నీ ఒక్కటి వదలకుండా రాసివ్వమ్మా. వాటినే ప్రకటనలో పెడదాం. అప్పుడు నువ్వు తప్ప ఇంకెవరూ పనికిరారు."

మా దగ్గర పోస్టులన్నీ అలాగే వేస్తారు, మనిషిని ఎదురుగా నిలబెట్టి కొలతలు తీసినట్టు. ఇన్నాళ్లకు నా వంతు వచ్చిందని మురిసిపోయాను.

రెండు సాయంత్రాలు వంటింట్లో కూర్చుని రాశాను. ఫిలమెంటు మార్చడం, గాలి ఎక్కడ లీకవుతోందో పట్టుకోవడం, శాంపిళ్లను వెంట్రుక కంటే పల్చగా కోయడం, కొత్తగా చేరిన పరిశోధకులకు చెయ్యి పట్టి నేర్పడం. రాస్తున్నకొద్దీ గర్వమేసింది, నిజం చెప్పొద్దూ. మొత్తం ముప్పై ఒకటి తేలాయి.

మా ఆయన అది చదివి, "ఇంత గొప్ప మనిషితోనా నేను టీ పెట్టించుకునేది?" అన్నాడు.

"ముప్పై రెండోది వీణ్ణి భరించడం అని రాయవే" అంది మా అత్తయ్య. ముగ్గురం తెగ నవ్వుకున్నాం.

ప్రకటన వచ్చింది. పనుల వివరం పొల్లుపోకుండా నేను రాసిందే. పైన అర్హత అన్న లైను మాత్రం నాది కాదు. ఎమ్మెస్సీ, ఫస్టు క్లాసు. నాకున్నది డిప్లొమా.

"ఇన్ని బాధ్యతలుంటే అసిస్టెంటు గ్రేడు ఒప్పుకోరండీ, ఆఫీసరు గ్రేడు అయిపోయింది, దానికి ఎమ్మెస్సీ తప్పనిసరి. మీరు ఓ పది రాసి ఊరుకోవాల్సింది" అన్నాడు ఆఫీసు గుమాస్తా, ఫైలు మూస్తూ.

హెడ్డు దగ్గరికి పరిగెత్తాను. "రూల్సమ్మా, నా చేతుల్లో ఏముంది" అన్నాడు. ఆ జాబితా కింద సంతకం ఆయనదే.

ప్రాక్టికల్ పరీక్ష పెట్టడానికి మళ్లీ నేనే కావాల్సి వచ్చాను. గాలి లీకయ్యేలా ఒక రబ్బరు రింగు వదులు చేసి ఉంచమన్నారు, తప్పు కనిపెట్టినవాళ్లు పాస్. వచ్చిన ముగ్గురిలో ఇద్దరు తేల్చుకోలేక వెళ్లిపోయారు. మిగిలింది ఒకమ్మాయి.

హెడ్డు నా పక్కకి జరిగి, "ఆ అమ్మాయికి కాస్త చెప్పమ్మా. ఎవరూ పాసవ్వకపోతే పోస్టు మురిగిపోతుంది" అని గొణిగాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మురిగిపోనీ అనుకుని పెదవి బిగించాను. కానీ ఆ పిల్ల కంగారులో వాల్వు తప్పు వైపు తిప్పబోతోంది. తిప్పితే పంపు కాలిపోతుంది. పన్నెండేళ్లు కాపాడుకున్న మిషను.

"అటు కాదమ్మా" అనేశాను. రింగు ఎక్కడుందో కూడా చూపించాను.

సాయంత్రం హెడ్డు నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"నీ కాంట్రాక్టు ఈ నెలాఖరుతో అయిపోవాలి. ఆ అమ్మాయికి పని నేర్పాలి కదా అని పట్టుబట్టి ఇంకో రెండు నెలలు ఇప్పించాను."

చెప్పడం అయిపోయినా కదలకుండా నిలబడ్డాడు. దేనికోసమో అర్థమైంది.

"థాంక్యూ సర్" అన్నాను.