పచ్చిగా రాలిన ఆకులు

ఊరు లేచేసరికి సలోమత్ చినార్ చెట్టు చుట్టూ సగం ఊడ్చేస్తుంది. ఆ రోజూ అంతే. మొదలు దగ్గర్నుంచి బయటికి, కుడి నుంచి ఎడమకి, నడుం వంచి ఊడ్వడం ఆమె పద్ధతి. నలభై ఏళ్ళుగా అదే వంపు కావడంతో ఇప్పుడు నిలబడ్డా నడుం పూర్తిగా లేవదు. పొట్టి మనిషి. తలకు తెల్ల రుమాలు, ముడి చెవుల వెనక. కుడిచేతి వేళ్ళు మూడు చీపురు పట్టిపట్టి వంకరపోయాయి. పడుకున్నప్పుడు కూడా అవి దేన్నో పట్టుకున్నట్టే ఉంటాయి.

చెట్టు ఊరికన్నా ముందుది. పద్నాలుగు మంది చేతులు కలిపితే గాని మొదలు చుట్టూ అందదు. లోపలంతా తొర్ర. దానికో తలుపు. ఒకప్పుడు బడి నడిచింది అందులోనే. సలోమత్ అక్షరాలు దిద్దుకుంది అక్కడే, ఆ చల్లటి చీకట్లో. పిల్ల పుట్టిన నలభయ్యో రోజున తొర్రలో ఒకసారి పడుకోబెట్టి తెస్తారు. ఊరు విడిచి వెళ్ళే పెళ్ళికూతుర్ని ఇక్కడ ఆపుతారు. శవాన్ని మోసుకెళ్ళేవాళ్ళు కూడా దీని నీడన ఒక్క నిమిషం దించుతారు. ఎందుకని ఎవరూ అడగరు.

సలోమత్‌కి మాత్రం ఒక సంగతి తెలుసు. మండువేసవిలో, గాలన్నది లేని రోజున, చెట్టు పచ్చి ఆకులు రాలుస్తుంది. ఒకే పక్క. అన్నీ బోర్లా. సన్నటి దారి పరిచినట్టు అవి ఏ ఇంటివైపు సాగితే, వారం తిరక్కుండా ఆ ఇంట్లోంచి శవం లేస్తుంది. అందుకే ఎవరి కంటా పడకముందే ఊడ్చేస్తుంది.

ఒక్కసారి మాత్రం ఆ సంగతి బయటపెట్టింది. పదకొండేళ్ళ కిందట ఆకులు పైవీధి వైపు సాగాయి. అక్కడున్నది ఒకటే ఇల్లు, ఆమె మరిది బహొదిర్‌ది. పట్నం వెళ్ళి డాక్టరుకి చూపించుకోమని అతన్ని బతిమాలింది. ఎందుకని గుచ్చిగుచ్చి అడిగితే చెప్పేసింది. ఆ పూట నుంచి అతను రొట్టె ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఐదో రోజు పోయాడు. తోడికోడలు ఓయ్‌జమాన్ శవం పక్కనే నిలబడి అంది: "చెట్టు కాదు, నీ నోరే తినేసింది నా మనిషిని. ఇంక నా గడప తొక్కకు."

తొక్కలేదు. ఆ మాట నిజమేనేమో అని పదకొండేళ్ళుగా సలోమత్‌కి అనుమానం.

ఇవాళ ఆకులు మళ్ళీ పైవీధి వైపు పడున్నాయి. ఇప్పుడా ఇంట్లో ఉన్నది ఓయ్‌జమాన్ ఒక్కతే.

చీపురు ఆనించి చూస్తూ నిలబడింది. ఆకులు ఇంకా తడితడిగా, ఇప్పుడే ఎవరో తెంపి పరిచినట్టున్నాయి. తొర్ర తలుపు సందులోంచి చల్లగాలి మడమలకు తగిలింది. గబగబా అన్నీ పోగుచేసి కాలవలోకి తోసింది.

ఎదురుగా టీ దుకాణం తలుపులు తీస్తూ కుద్రత్ పలకరించాడు.

"ఏం పెద్దమ్మా, ఇవాళ నువ్వు చీపుర్ని ఊపుతున్నావా, చీపురు నిన్ను ఊపుతోందా?"

"నీ సమోవార్ సంగతి చూసుకోరా. నీళ్ళింకా కాగలేదు గాని నీ నోరు మాత్రం కాగింది."

"కాగాక తాగి పో."

"ఇప్పుడు కాదు. పైవీధికి పోవాలి."

కుద్రత్ చేతిలో సమోవార్ మూత అలాగే ఉండిపోయింది.

అంతా ఎక్కుడు దారి. మూడుచోట్ల ఆగింది. ఎడమ భుజం కింద పట్టేసినట్టుంది. ఊడ్చిన నొప్పే అనుకుంది.

ఓయ్‌జమాన్ పెరట్లో తందూరు ముందు కూచునుంది. పొడుగాటి మనిషి, సెగకు మొహం ఎర్రబడింది. వచ్చిందెవరో చూసి కూడా లేవలేదు.

"ఈసారి నాకా?" అంది.

సలోమత్ గడప పక్కన జోళ్ళు విడిచింది.

"కాదు. నీ చేతి రొట్టె తినాలనిపించింది."

"పదకొండేళ్ళకా?"

"ఆకలి ఇప్పుడైంది."

ఓయ్‌జమాన్ అప్పుడు లేచింది. "నీకు అబద్ధం చెప్పడం రాదక్కా. రా, చేతులు కడుక్కో. పిండి ఎండిపోతోంది."

ఇద్దరూ రొట్టెలు చేశారు. ఓయ్‌జమాన్ తందూరులోకి వంగినప్పుడల్లా సలోమత్ ఆమె గౌను కొస పట్టుకుంది. డాబా మీద ఎండబెట్టిన ఆప్రికాట్ల కోసం నిచ్చెనెక్కితే, కింద రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని కళ్ళార్పకుండా నిలబడింది.

"పసిపిల్లననుకున్నావా నన్ను?"

"నిచ్చెన పాతది."

మధ్యాహ్నం వసారాలో కూచుని వేడి రొట్టె తుంచుకున్నారు. తింటూ తింటూ ఓయ్‌జమాన్ ఆగింది.

"ఆయన గుండె అప్పటికే బాలేదక్కా. డాక్టరు రెండేళ్ళ ముందే చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. నాకేమో ఎవర్నో ఒకర్ని తిట్టాలి. నువ్వు దొరికావు."

సలోమత్ చేతిలో ముక్క కింద పెట్టి, మడతపెట్టిన పరుపులకు ఒరిగింది. మొహం తేటగా ఉంది.

"కాసేపు నడుం వాలుస్తాను. నువ్వు మాత్రం నా కళ్ళ ముందే ఉండు."

"ఎక్కడికి పోతాను?"

ఓయ్‌జమాన్ ఆప్రికాట్లు ఏరుతూ మాట్లాడుతూనే ఉంది. కూతుళ్ళ కాపురాల గురించి, ఎండిపోయిన బావి గురించి. చాలాసేపటికి గాని గమనించలేదు, ఊ కొట్టేవాళ్ళు లేరని. తిరిగి చూస్తే, ఇన్నేళ్ళూ వంకరగా ఉన్న ఆ మూడు వేళ్ళు తిన్నగా చాచుకుని ఉన్నాయి.

ఓయ్‌జమాన్ సలోమత్ కళ్ళు మూసింది. దవడకు గుడ్డ కట్టింది. మనుషుల్ని పిలుద్దామని గడప దాకా వచ్చి ఆగింది. కింద ఊళ్ళో ఎక్కడా గాలి లేదు. దారి పక్క పాప్లార్ చెట్లు కదలడం లేదు. చినార్ ఒక్కటే, మొదలు నుంచి చివరిదాకా, మెల్లగా ఊగుతోంది.

గడప పక్కన సలోమత్ విడిచిన రబ్బరు జోళ్ళున్నాయి. పొద్దున, ఇంటికి పెద్దవాళ్ళొస్తే చేసే అలవాటు కొద్దీ, వెళ్ళేటప్పుడు తొడుక్కోవడానికి వీలుగా ఓయ్‌జమానే వాటిని వంగి వీధివైపు తిప్పి పెట్టింది.