ఇంకా రాని తేదీలు

రోడ్డు అయిపోయిన చోట బస్సు అతన్ని దింపింది. రేకుల గదులు, నీళ్ల ట్యాంకు, గని నోటి మీద నిలబడ్డ ఇనుప గోపురం తప్ప కనుచూపు మేరలో ఏమీ లేదు. గోపురం పైన పెద్ద చక్రం. అది తిరిగితే లిఫ్టు కదులుతున్నట్టు, ఆగితే ఆగినట్టు. అక్కడి మనుషులు మాట్లాడుతూనే మధ్యలో తలెత్తి ఆ చక్రాన్ని ఒకసారి చూసి మళ్లీ మాటల్లో పడడం అతను మొదటి గంటలోనే గమనించాడు.

అతను ఎలక్ట్రీషియన్. పాత ఫ్యాక్టరీ మూతపడి ఎనిమిది నెలలైంది. ఈ ఉద్యోగం ఖాయం కావాలంటే కొత్తవాళ్లకిచ్చే నాలుగు రోజుల ఇండక్షన్ శిక్షణ పూర్తి చేసి చివరి కాగితం మీద సంతకం పెట్టాలి. పెట్టకపోతే నాలుగో రోజు మూడు గంటల బస్సులో వెనక్కి వెళ్లాలి.

మొదటి రోజు డాక్టరు గుండె విన్నాడు. రెండో రోజు ట్రైనింగ్ సారు అతని చేతిలో ఒక ఇత్తడి బిళ్ల పెట్టాడు. దాని మీద నూట పదిహేడు అని చెక్కి ఉంది.

"దిగేముందు దీన్ని ఆ బోర్డుకు తగిలించాలి. పైకొచ్చాక తీసుకోవాలి. బిళ్ల బోర్డు మీద ఉందంటే మనిషి కిందున్నట్టు. సొంత తమ్ముడిదైనా సరే, ఇంకొకరి బిళ్ల ముట్టుకోకూడదు. అర్థమైందా?"

"అర్థమైంది సార్."

మూడో రోజు సాయంత్రం నీళ్ల ట్యాంకు దగ్గరికెళ్లి భార్యకు ఫోన్ చేశాడు. సిగ్నల్ అందేది అక్కడొక్కచోటే.

"హెల్మెట్ పెట్టుకున్న మీ ఫోటో చూసి పాప ఒకటే నవ్వు. నాన్న గిన్నె బోర్లించుకున్నాడట," అంది ఆమె. ఆ తర్వాత గొంతు మారింది. "అన్నీ చూపించారా?"

"ఇంకొక్కటి మిగిలింది. లిఫ్టు చెడిపోతే మెట్లెక్కి బయటపడే రెండో దారి. రేపు."

"చూశాకే సంతకం పెట్టండి."

"ఎన్నిసార్లు చెప్తావే?"

"మీరు వినేదాకా."

ఆమె ఎందుకంటుందో అతనికి తెలుసు. పాత ఫ్యాక్టరీలో ఒకసారి, కరెంటు ఆపేశారని ఎవరో చెబితే వెళ్లి చూడకుండానే సంతకం పెట్టాడు. తోటి పనివాడికి కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. తర్వాతెప్పుడో ఆ మనిషి వాళ్లింటికి వచ్చి, టీ గ్లాసు ఎడమచేత్తో అందుకున్నాడు. ఆ గ్లాసును ఆమె ఆ పూట చాలాసేపు కడిగింది.

నాలుగో రోజు ఉదయం ట్రైనింగ్ సారు కాగితం ముందుకు జరిపాడు. చివరి వరసలో 'రెండో దారి నడిచి చూశాను' అని ఉంది. కలిసి చేరిన ఇద్దరూ అప్పటికే పెట్టేశారు.

"ఇంకా నడవలేదు కదా సార్."

"చూడడానికేముంది బాబూ, మెట్లు మెట్లలాగే ఉంటాయి. మీ మోకాళ్లతో మీకేమన్నా పగా?"

"చూసొచ్చి పెడతాను సార్."

"కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా!" అని సారు కిటికీలోంచి కేకేశాడు. "బాబాయ్! ఈయన్ని నీ మెట్ల దగ్గరికి తీసుకెళ్లు."

ఆయన్ని అందరూ సుద్దముక్క బాబాయి అంటారు. వారానికోసారి రెండో దారిని తనిఖీ చేసేది ఆయనే. చూసిన ప్రతిచోటా గోడ మీద సుద్దతో ఆ రోజు తేదీ వేసి సంతకం చెయ్యాలి. అది గనిలో పద్ధతి. సుద్ద కనబడితే ఆ చోటు క్షేమమని లెక్క.

ఇద్దరూ బిళ్లలు తగిలించి దిగారు. కింద సొరంగం చివర ఇనుప తలుపు, దాని వెనక నిటారుగా మెట్లు. మొదటి మలుపు దగ్గర గోడ మీద తేదీలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. నాలుగు. పదకొండు. పద్దెనిమిది. ఇరవై అయిదు. ఒకే చెయ్యి, ఒకే ఒత్తిడి, ఒకే తెలుపు.

"బాబాయ్, ఈరోజు పదకొండే కదా?"

"అవును."

"మరి ఇరవై అయిదు ఎప్పుడొచ్చింది?"

బాబాయి హెల్మెట్ సర్దుకున్నాడు. సర్దుకోవాల్సిన అవసరం లేదు.

"నెలకు సరిపడా ఒకేసారి రాసేస్తానబ్బాయ్. మోకాళ్లు పోయాయి. ఇంకో ఏడు నెలలు ఓపిక పడితే రిటైరైపోతాను."

"పై మలుపుల్లో?"

"పైకెక్కి ఏడాదైంది."

అతను ఎక్కాడు. బాబాయి మెట్టుకో మూలుగుతో వెనకే వచ్చాడు. మెట్ల మీద దుమ్ము జల్లించని పిండిలా మందంగా ఉంది. అందులో ఒక్క అడుగు గుర్తు లేదు. ఈ దారిలో ఎప్పుడూ గాలి ఆడాలని ఇండక్షన్లో చెప్పారు. అతని మెడ మీది చెమట మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

ఆరో మలుపు తర్వాత మెట్లు లేవు. రాళ్లు, బురద, వాటిలోంచి బయటికి పొడుచుకొచ్చిన వంకర ఇనుప కడ్డీ. ఎక్కడో నీటిబొట్టు పడుతోంది.

బాబాయి రాతి మీద అరచెయ్యి ఆనించాడు. "వానల్లో ఒకరోజు పెద్ద చప్పుడైంది. లిఫ్టు చప్పుడనుకున్నాం."

"అనుకున్నారా?"

"అనుకుంటే బాగుండనిపించింది," అన్నాడు. రాతి మీది చెయ్యి తీసి, "పైన చెప్తావా?" అన్నాడు.

అతను దిగడం మొదలుపెట్టాడు.

పైకొచ్చి తమ బిళ్లలు తీసుకున్నాక బోర్డు మీద అరవై మూడు మిగిలాయి. అతను కాగితం మీద చివరి వరస కొట్టేసి 'ఆరో మలుపు దగ్గర దారి మూసుకుపోయింది' అని రాసిచ్చాడు. సారు చదివి, దాన్ని సొరుగులో పడేసి, కొత్త కాగితం తీశాడు.

"దీనికి ఇందులో గడి లేదు. గని ఆగితే మీ ఉద్యోగమే ముందు ఆగుతుంది. మీ గొయ్యి మీరే తవ్వుకుంటున్నారు, చూసుకోండి."

అతను కొత్త కాగితం మీద కూడా అదే వాక్యం రాశాడు. సారు మూడో కాగితం కోసం సొరుగు లాగేసరికి రెండు గంటల షిఫ్టు వాళ్లు క్యారేజీలతో బోర్డు ముందు వరస కట్టారు. అతను కుర్చీలోంచి లేచి వెళ్లి వాళ్లకు అడ్డంగా నిలబడ్డాడు.

"దిగకండి. రెండో దారి పూడిపోయింది. నా కళ్లతో చూశాను."

ముందున్నవాడు నవ్వాడు. "కొత్తా అన్నా? భయపడకు. బాబాయి సుద్ద ఉందిగా! చూడకుండా ఆయన గీత కూడా గియ్యడు."

"ఆయన మెట్లెక్కితే ఆ మూలుగు మా ఇంటిదాకా వినిపిస్తుంది," అన్నాడు వెనకాయన. అందరూ నవ్వారు. ముందున్నవాడు బిళ్ల పైకెత్తాడు.

బాబాయి గుమ్మంలో ఉన్నాడు. జేబులోంచి సుద్దముక్క తీసి, వరసను తోసుకుంటూ వచ్చి, బోర్డు నల్లచెక్క మీద రాశాడు. 'పైకి దారి లేదు.' కింద ఆ రోజు తేదీ వేసి సంతకం పెట్టాడు.

"పాతవన్నీ చూడకుండా రాశాను," అన్నాడు. "ఇదొక్కటే చూసి రాసింది."

నవ్వు ఆగిపోయింది. పైకెత్తిన బిళ్ల అలాగే కిందికి దిగి జేబులోకి పోయింది.

కిందినుంచి గంట మోగింది. షిఫ్టు అయిపోయినవాళ్లు లిఫ్టు కోసం పిలుస్తున్నారు. లిఫ్టు నడిపేవాడు సారు వంక చూశాడు. సారు చేతిలోని కొత్త కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. లిఫ్టు ఖాళీగా దిగింది.

ఒక్కో విడతలో పన్నెండు మంది పైకొచ్చారు. వచ్చినవాళ్లు బోర్డు మీది రాత చదివి, ఎవరి బిళ్ల వాళ్లు తీసుకుని, ఇంటికి పోకుండా అక్కడే నిలబడ్డారు. మూడు గంటల బస్సు రెండుసార్లు హారన్ కొట్టి వెళ్లిపోయింది. అతను తల కూడా తిప్పలేదు.

లిఫ్టు అయిదుసార్లు పైకొచ్చింది. ఆరోసారి దిగింది. బోర్డు మీద మూడు బిళ్లలున్నాయి.

చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది. అది మళ్లీ ఎప్పుడు తిరుగుతుందా అని అందరూ తలెత్తి చూస్తున్నారు.