పదిన్నర లోపల

లాప్‌టాప్ మూత తెరిచింది. కుడివైపు పైమూలన ఉన్న గుండ్రటి బటన్ నొక్కింది. తెర వెలిగేదాకా చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెలిగాక పాస్‌వర్డ్ ఒక్కొక్క అక్షరమే, చూపుడువేలితో, పెదాలు కదుపుతూ కొట్టింది. ఇరవయ్యారేళ్ళు టైపు మిషను మీద పది వేళ్ళతో పనిచేసిన మనిషి. అప్పట్లో మీటల వైపు చూడకుండా, కిటికీలోంచి రోడ్డు చూస్తూ కొట్టేది. ఈ లాప్‌టాప్ వచ్చాక తొమ్మిది వేళ్ళు భయపడి దాక్కున్నాయి.

పక్కన చిన్న నోటుబుక్కు తెరిచి ఉంది. అందులో ఐదు మెట్లు రాసుకుంది. మూడు అయిపోయాయి. నాలుగో మెట్టు ఎదురుగా ఆమె పెన్సిలుతో గీసుకున్న బొమ్మ ఒకటి ఉంది, చిన్న విసనకర్రలాంటిది. తెర కింద కుడిమూలన ఆ విసనకర్ర కనబడేదాకా ఆగాలి. కనబడితే నెట్టు వచ్చినట్టు. ఆ తర్వాత ఐదో మెట్టు, చార్టు ఫారం తెరవడం.

విసనకర్ర రాలేదు. దాని చోట ఎర్ర ఇంటూ గుర్తు ఉంది.

గోడ గడియారం తొమ్మిది ముప్పై ఐదు చూపిస్తోంది.

అది ఊరికి నీళ్ళు వదిలే ఆఫీసు. మేడమీద మూడు గదులు. ఆమెను అందరూ టైపమ్మ అంటారు. ఏ వీధికి ఏ గంటకు నీళ్ళు వదలాలో రోజూ పొద్దున్నే చార్టు తయారుచేసి పదకొండు పంపుహౌసులకు పంపడం ఆమె పని. మిషను రోజుల్లో మూడేసి కార్బన్ కాగితాలు పెట్టి మూడు సార్లు కొట్టేది. వాల్వులు తిప్పేవాళ్ళు మెట్లెక్కి వచ్చి ఎవరి కాగితం వాళ్ళు పట్టుకుపోయేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ రావడం లేదు. ఫారం నింపి నెట్టులో పంపాలి. అదీ ఆమె పేర ఇచ్చిన ఈ ఒక్క లాప్‌టాప్‌లోనే తెరుచుకుంటుంది. పదిన్నర కొట్టేసరికి ఫారం దానంతటదే మూసుకుపోతుంది. అది మూసుకుపోతే పంపుహౌసులు నిన్నటి చార్టు ప్రకారమే నీళ్ళు వదులుతాయి. నిన్న వచ్చిన వీధులకే మళ్ళీ వస్తాయి, రానివాళ్ళు బిందెలు పెట్టుకుని కూర్చుంటారు. పై ఆఫీసులో ఆమె పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది.

ఈ నెలలో అప్పటికే రెండు పడ్డాయి.

"మూడోది పడితే ఇక నా చేతుల్లో ఉండదమ్మా. ఊరవతల పంపుహౌసుకి వేసేస్తారు" అంది ఇంజనీరు మేడమ్ మొన్న. కోప్పడి ఉంటే బాగుండేది. మెల్లగా, జాలిగా అంది. దాంతో టైపమ్మకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఊరవతల పంపుహౌసుకి రెండు బస్సులు మారాలి. పోవడానికి గంటన్నర, రావడానికి గంటన్నర. ఇంట్లో అక్క ఉంది. షుగరుతో రెండు కళ్ళూ పోయాయి. ఒంటిగంటకు సూది వేసి, భోజనం పెట్టి, మళ్ళీ ఆఫీసుకు రావాలి. ఇల్లు ఇక్కడికి పది నిమిషాల నడక కాబట్టి ఇన్నేళ్ళూ గడిచింది. సూది ఇంకొకళ్ళచేత వేయించుకోదు అక్క. ఒకసారి పక్కింటావిడను పిలిస్తే, ఆవిడ చెయ్యి వణికి ఇద్దరూ కలిసి ఏడ్చారు.

"ఏంటి టైపమ్మా, మిషనుకి దండం పెడుతున్నారా?" అన్నాడు పక్క బల్ల మీంచి పటాలాయన. నేల కింద పైపులు ఎటు పోతున్నాయో పటాలు గీస్తాడు కాబట్టి ఆయనకా పేరు.

"నెట్టు రావట్లేదండీ."

"నాకొస్తోందే."

"మీకు తీగ ఉందిగా."

"అవును. నాది కట్టేసిన గొడ్డు, ఎక్కడికీ పోదు. మీది గాల్లో తిరిగే పిట్ట" అని నవ్వాడు. ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు. స్టూలు వేసుకుని, వరండా తలుపు మీదున్న నెట్టు డబ్బాను ఆపి మళ్ళీ వేశాడు. పచ్చ దీపాలు మూడూ వెలిగాయి. తన ఫోను తీసి చూశాడు. "డబ్బా బాగానే ఉంది. నా ఫోనుకి వచ్చేస్తోంది. జబ్బు మీదాంట్లోనే."

"మరి ఎట్లా?"

"నాకీ పైపులు తప్ప ఏం తెలుసు చెప్పండి. హెల్ప్‌లైనుకి చేయండి." స్టూలు దిగి, నడుము మీది దుమ్ము దులుపుకున్నాడు. "చూశారా, ఇవాళ ఊడ్చిన పాపాన పోలేదు. తలుపు కూడా నేనే తీశా. పొదుపు బాబాయి ఇంకా రాలేదు. కరెంటు మిగులుద్దని కలలు కూడా ఆపేసి పడుకున్నట్టున్నాడు."

పొదుపు బాబాయి ఆఫీసు అటెండరు. వయసులో ఉన్నప్పుడు ఎక్కడో కాపలా ఉద్యోగం చేస్తుంటే, ఎవరో ఆపకుండా వెళ్ళిన హీటరు వల్ల గోదాము తగలబడిపోయిందట. అప్పట్నుంచీ ఆయనకు ఏ స్విచ్చు వేసి ఉన్నా ఒళ్ళు మండుతుంది. మనిషి కుర్చీలోంచి లేస్తే చాలు, ఫ్యాను ఆగిపోతుంది. ఆఫీసులో ప్రతి స్విచ్చు పక్కనా తెల్లరంగుతో చుక్క పెట్టుకున్నాడు, మసక చీకట్లో కూడా ఒక్కటీ తప్పిపోకుండా. సాయంత్రం ఆ చుక్కలన్నీ ఆపి, తాళం వేసి, మెట్లు దిగుతాడు. పొద్దున్నే వచ్చి అన్నీ వేసి, బల్లలు తుడుస్తాడు.

ఇవాళే రాకపోవాలా, అనుకుంది ఆమె. మొన్నా ఇంతే. ఎర్ర గుర్తు పడిన రెండు రోజులూ బాబాయి ఆలస్యంగానే వచ్చాడు. ఏంటో, ఆయన వచ్చి బల్ల తుడిచాకే విసనకర్ర కనబడింది. కానీ అప్పటికి పదిన్నర దాటిపోయింది. "బాబాయ్, నువ్వొస్తేనే ఇది పలుకుతుందేంటి?" అంటే, "పెద్దవాణ్ణి కదమ్మా, ఆ మాత్రం మర్యాద ఉండదా దానికి?" అన్నాడు. రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, బల్లకు ఆనుకుని కాసేపు నిలబడి అన్నాడు ఆ మాట. అప్పుడు ఆమె ఆ చెయ్యి చూసింది గానీ పట్టించుకోలేదు.

హెల్ప్‌లైనులో ఫోను మోగీ మోగీ ఎత్తారు. తొమ్మిది యాభై రెండు.

"విమానం గుర్తు ఏమైనా వెలుగుతోందా చూడండి" అంది అటువైపు మగగొంతు, నిద్రలోంచి లేచినట్టు.

"విమానమా?"

"అవునమ్మా. అది వెలిగితే నెట్టు ఆగిపోతుంది."

ఆమె తెరంతా వెతికింది. విమానం కనబడింది గానీ వెలగడం లేదు. అయినా భయంతో ఒకసారి నొక్కింది. వెలిగింది. పై ప్రాణాలు పైనే పోయాయి. మళ్ళీ నొక్కి ఆపింది.

"అడాప్టర్ దగ్గర ఏమని ఉంది?"

అడాప్టర్ అంటే ఏమిటో అడగడానికి నోరు రాలేదు. లాప్‌టాప్‌లు ఇచ్చినప్పుడు రెండు రోజులు శిక్షణ పెట్టారు. ఆ రెండు రోజులూ అక్క ఆసుపత్రిలో ఉంది. ఆ సంగతి చెప్పి మళ్ళీ నేర్పించమని అడిగితే, ఈ వయసులో మీకెందుకమ్మా అంటారేమోనని అడగలేదు. ఆ ఒక్క గుట్టును మూడేళ్ళుగా ఐదు మెట్ల నోటుబుక్కుతో కాపాడుకొస్తోంది. "అంతా మామూలుగానే ఉందండీ" అంది.

"మెషిన్‌కి బయట, పక్కనో ముందో, స్విచ్చేమైనా ఉందా? పాత మోడళ్ళకి ఉంటుంది."

"లేదండీ" అంది, చూడకుండానే. ఉంది అంటే ఇంకో ప్రశ్న అడుగుతాడని.

"అయితే మొత్తం ఆపి, మళ్ళీ ఆన్ చేసి చూడండి. రాకపోతే మనిషిని పంపిస్తాం. రేపు."

ఆపింది. వేసింది. తెర మీద చిన్న చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. తిరుగుతూనే ఉన్నాయి. ఆమె లేచి నిలబడింది, కూర్చుంది, మళ్ళీ నిలబడింది. చార్టు కాగితం మీద ఎప్పుడో రాసేసి పెట్టుకుంది. నిన్న నీళ్ళు రాని వీధులు పధ్నాలుగు, ఎర్రసిరాతో గుండ్రాలు చుట్టి ఉన్నాయి. తన మొద్దు చేతులకు ఆ పధ్నాలుగు వీధులూ బలి. గడియారంలో టైము పదీ పన్నెండు. తెర వెలిగింది. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారి తీసుకుంది.

ఎర్ర ఇంటూ అక్కడే ఉంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది. ఇంజనీరు మేడమ్. గదిలోకి పోతూ పోతూ, "చార్టు వెళ్ళిందా అమ్మా?" అంది.

"వెళ్తోందండీ."

పటాలాయన తల వంచుకుని, లేని గీతను చెరుపుతున్నట్టు నటించాడు. పది ఇరవై రెండు. బస్టాండు కళ్ళముందుకొచ్చింది. ఒంటిగంటప్పుడు తలుపు వైపు మొహం తిప్పి కూర్చునే అక్క కళ్ళముందుకొచ్చింది. ఆ మొహం తలుపు వైపే ఉంటుంది, తలుపు తెరుచుకోదు.

ఏం చేస్తోందో ఆమెకే తెలియలేదు. మూలన మేకు దగ్గరకు వెళ్ళి బాబాయి తుడుపు గుడ్డ తీసింది. ఆయన సాయంత్రం పూట దాన్ని ఉతికి, పిండి, నాలుగు మడతలు పెట్టి మేకుకు తగిలించి వెళ్తాడు. మడతల మీదే ఎండి, అట్టలా ఉంది. విప్పింది. ఆయన తుడిచినట్టే తుడిచింది. ముందు బల్ల. తర్వాత మూత వెనక. ఆ తర్వాత లాప్‌టాప్ ముందంచు కింద, ఎడమ నుంచి కుడికి, ఒక్క లాగు.

"ఏం చేస్తున్నారండీ?" అన్నాడు పటాలాయన భయంగా.

గుడ్డ దేనికో తట్టుకుంది. టిక్కుమంది.

అంచులో ఇన్నాళ్ళూ తను గమనించని చిన్న దీపం నారింజరంగు నుంచి నీలంలోకి మారింది. తెర కింద మూలన ఒక గీత, రెండు గీతలు, మూడు. విసనకర్ర విచ్చుకుంది.

కూర్చుంది. ఫారం తెరిచింది. తర్వాత ఏం జరిగిందో పటాలాయన చాన్నాళ్ళు చెప్పుకున్నాడు. ఆమె చూపు చార్టు కాగితం మీదే ఉంది. దాక్కున్న తొమ్మిది వేళ్ళూ ఒకేసారి బయటికొచ్చాయి. గదంతా పాత రోజుల్లోలాగా టకటకమని మోగింది. పధ్నాలుగు వీధులూ, గంటలూ, వాల్వుల నంబర్లూ. పది ఇరవై తొమ్మిదికి తెర మీద పచ్చటి అక్షరాలతో "చేరింది" అని వచ్చింది.

నుదురు బల్లకు ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత వంగి, లాప్‌టాప్ ముందంచు కిందకు చూసింది. సగం గోరంత స్విచ్చు, అటూ ఇటూ జరిగేది. దాని పక్కన తెల్లరంగు చుక్క.

అంతా అర్థమైంది. సాయంత్రం వెళ్ళేటప్పుడు దీన్ని ఆపేవాడు, పొద్దున్న తుడిచేటప్పుడు వేసేవాడు. మూడేళ్ళూ. స్విచ్చు అంటే ఆపాలి, అది ఫ్యానుదైతేనేం, ఇదైతేనేం. దాని వల్ల నెట్టు ఆగుతుందని ఆయనకు తెలియదు, ఆయన వల్ల నెట్టు వస్తుందని తనకు తెలియదు. రానీ చెప్తా, అనుకుంది. ఎంత పని చేశావయ్యా, రెండు ఎర్ర గుర్తులూ నీ ఖాతాలోనే, అని దులిపేయాలి. అలా అనుకుంటుంటే నవ్వొచ్చింది, ఆ పొద్దుటికి మొదటిసారి.

ఇంజనీరు మేడమ్ చేతిలో ఫోనుతో గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎర్ర గుర్తు సంగతి అనుకుని టైపమ్మ లేచి నిలబడింది.

"బాబాయి కోడలు చేసింది. తెల్లవారుజామున గుండెనొప్పి వచ్చిందట. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే..." అని ఆగింది మేడమ్. "నాలుగింటికి ఆఫీసు మూసి అందరం వెళ్దాం."

పటాలాయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కలల గురించి తను వేసిన జోకు గుర్తొచ్చినట్టుంది.

ఒంటిగంటకు టైపమ్మ ఇంటికి వెళ్ళింది. సూదిలోకి మందు ఎక్కించి, అక్క పొట్ట మీద చర్మం పట్టుకుంది.

"చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయేంటే?" అంది అక్క. "చార్టు పంపలేదా?"

"పంపానక్కా."

"మరి గొంతులో ఆ ఏడుపేంటి?"

"పొదుపు బాబాయి పోయాడు."

అక్క చీర కొంగు సర్దుకుంది. "ఆ వానరోజు నువ్వు మర్చిపోయిన గొడుగు తెచ్చిచ్చాడు, గుర్తుందా? నువ్వింకా రాలేదు. కూర్చోమన్నా. కూర్చుని ముందు లైటు ఆపేశాడు. చీకట్లో ఎందుకు బాబాయ్ అంటే, మనిద్దరం మాట్లాడుకోడానికి లైటెందుకమ్మా అన్నాడు." నవ్వబోయింది, సగంలో ఆగిపోయింది. "నా దగ్గర లైటు ఆపినవాడు ఆయనొక్కడే. మిగతావాళ్ళంతా జాలిపడి వేసేవాళ్ళు."

నాలుగింటికి అందరూ మెట్లు దిగారు. తాళం తను వేసి వస్తానంది టైపమ్మ. ఆ గదుల్లో ఒంటరిగా ఉండడం ఆమెకదే మొదటిసారి. ఏదైనా మర్చిపోతానేమోనని భయమేసింది. తెల్లచుక్కలు లెక్కపెట్టుకుంటూ తిరిగింది. వరండా లైటు, మూడు గదుల ఫ్యాన్లు, మంచినీళ్ళ మిషను. చివరికి తన బల్ల దగ్గరకు వచ్చి, వంగి, ఆ చిన్న స్విచ్చును ఎడమకు జరిపింది. నీలం దీపం నారింజ అయింది. నోటుబుక్కు తీసి, మొదటి మెట్టుకు ముందు ఒక మెట్టు రాసింది.

తుడుపు గుడ్డ బల్ల మీదే ఉండిపోయింది. ఉతికి, పిండి, నాలుగు మడతలు పెట్టింది. విప్పి మళ్ళీ పెట్టింది. ఎన్నిసార్లు మడిచినా ఆయన మడతలా రాలేదు. అలాగే మేకుకు తగిలించి తాళం వేసింది. లోపల చీకటి గదిలో, ఒక మూల బయటికి వేలాడుతూ, గుడ్డ నీళ్ళు కారుస్తూ ఉంది.