చాటుగా వేసిన చుక్కలు

కళ్లద్దాలు అమ్మినంత మాత్రాన కళ్ల డాక్టరు అయిపోరు. ఆ సంగతి వీధి వీధంతటికీ తెలుసు, ఒక్క కళ్లద్దాల కొట్టాయనకు తప్ప. ఇరవై ఏళ్లుగా అక్షరాల బోర్డు ముందు జనాన్ని కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి పెట్టి, ఇప్పుడెలా ఉంది, ఇప్పుడెలా ఉంది అని అడుగుతూ వచ్చాడు. ఎవరో సరదాకి డాక్టరు గారూ అని పిలిస్తే నిజమే కాబోలు అనుకున్నాడు. వెయ్యిమందిని చంపితే గానీ వైద్యుడు కాడంటారు. ఈయన ఆ శ్రమ కూడా పడలేదు.

కొట్టు వెనక గదిలో ఫ్రేములొచ్చిన అట్టపెట్టె ఉంది. అందులో పిల్లి మూడు పిల్లల్ని పెట్టి మూడు వారాలైంది. అన్నింటిలోకీ చిన్నదాన్ని బుడ్డిది అంటారు. ఆయన భార్యకు అదంటే ప్రాణం. ఒక ఉదయం దాని కుడి కన్ను తెరుచుకోలేదు. రెప్ప ఉబ్బింది, అంచుల్లో పచ్చటి పుసి గట్టిపడి అతుక్కుపోయింది. తల్లిపిల్లి వారం నుంచీ తుమ్ముతూనే ఉంది. డాక్టరుకి చూపిద్దామని ఆవిడంటే, నేనుండగా ఈ మాత్రానికి డాక్టరెందుకని ఆయన కొట్టిపారేశాడు. ఆవిడ అటు తిరగ్గానే బీరువా తెరిచాడు. తన తల్లికి శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు ఇచ్చిన చుక్కల సీసా అందులో మిగిలి ఉంది. రెప్ప విడదీసి రెండు చుక్కలు వేశాడు. సాయంత్రానికి కన్ను ఎరుపు తగ్గింది. ఇక ఆయన్ని పట్టేదెవరు?

ఎరుపైతే తగ్గింది గానీ పుసి కారడం ఆగలేదు. మూడో రోజు ఆవిడ ఆయన మాట వినకుండా పిల్లను సంచిలో పెట్టుకుని బయల్దేరింది. ఏమీ తోచక ఆయనా వెంట వెళ్లాడు.

పశువుల డాక్టరమ్మ చిన్న వయసుది, చెయ్యి మాత్రం నిదానం. గోరువెచ్చటి సెలైన్‌లో దూది ముంచి, పుసి నానేదాకా కంటి మీద అద్ది ఉంచింది. తర్వాత ముక్కు వైపు నుంచి బయటికి తుడిచింది. ఒకసారి తుడిచిన దూదిని మళ్లీ వాడలేదు, రెండో కంటికి వేరే దూది తీసుకుంది. పుండుంటే పట్టిచ్చే రంగు కాగితం కంటికి తాకించి నీలం లైటు వేస్తే నల్లగుడ్డు మీద ఆవగింజంత మచ్చ ఆకుపచ్చగా మెరిసింది. తల్లి నుంచి అంటిన జబ్బేననీ, పుండు పడిందనీ చెప్పి ఆయింట్‌మెంట్ రాసిచ్చింది. ఇంట్లో ఏమైనా మందు వేశారా అని కూడా అడిగింది. అబ్బే, ఏమీ వేయలేదని ఆవిడ నిజాయితీగా చెప్పింది. ఈ మహానుభావుడు తేలు కుట్టిన దొంగలా గోడ మీది కేలండర్‌లో తేదీలు చదువుతూ నిలబడ్డాడు.

పోనీ ఇంటికొచ్చాకైనా మానేశాడా? లేదు. ఎరుపు తగ్గించింది తన చుక్కలేనని గట్టి నమ్మకం. ఆవిడ నాలుగు పూటలా ఆయింట్‌మెంట్ పెడుతుంటే, ఈయన పొద్దునా సాయంత్రం చాటుగా తన వైద్యం సాగించాడు.

మూడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లారు. నీలం లైటు కింద మచ్చ పెసరగింజంత అయింది. డాక్టరమ్మ లైటు దగ్గరికి జరిపి మళ్లీ చూసింది. ఈ మందుకు తగ్గి తీరాలి, ఎందుకు పెరిగిందో అంతు పట్టడం లేదంది. గుడ్డు అక్కడ మెత్తబడిందనీ, ఏ క్షణానైనా చిట్లిపోవచ్చనీ చెప్పింది.

"చిట్లాక ఇంత చిన్న ప్రాణం తట్టుకోలేదమ్మా. ఇప్పుడే కన్ను తీసేయడం మంచిది. మత్తుకి తట్టుకుంటుందో లేదో కూడా చెప్పలేను."

ఆ కంట్లో ఇంకో మందు కూడా పడుతోందని ఆ గదిలో తెలిసినవాడు ఆయనొక్కడే. చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే కన్ను పోతుంది. మింగలేక కక్కలేక నిలబడ్డాడు. నర్సు ఆపరేషన్‌కి ఒప్పుకోలు కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. పక్కన ట్రేలో కత్తెరలు సర్దుతున్న చప్పుడు వినబడుతోంది. ఆవిడ ఒక చేత్తో బుడ్డిదాన్ని గుండెకు అదుముకుని, రెండో చేత్తో కలం అందుకుని, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగింది.

"ఆగు, పెట్టకు," అన్నాడాయన. "డాక్టరు గారూ, నేను వేశానండీ. మా అమ్మ చుక్కలు. మొదట్నించీ వేస్తూనే ఉన్నాను. ఈ పొద్దున కూడా వేశాను."

సీసా ఆయన జేబులోనే ఉంది. తీసిచ్చాడు. డాక్టరమ్మ సీసా మీది చీటీ చదివి కళ్లు మూసుకుంది.

"ఇందులో స్టెరాయిడ్ ఉందండీ. ఎరుపు అణిగిపోయి తగ్గినట్టే కనిపిస్తుంది, లోపల పుండు మానదు, ఇంకా లోతుకి తినేస్తుంది. మొన్న అడిగాను కదా."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. కారణం తెలిసింది కాబట్టి ఒక్క రోజు చూద్దామంది డాక్టరమ్మ. ఆ సీసా చెత్తబుట్టలో పడేసి, గంట గంటకూ వేయాల్సిన వేరే చుక్కలు ఇచ్చింది. రేపటికి పుండు ఇంకొంచెం పెరిగినా కన్ను తీయడమే. ఆవిడ కలానికి మూత పెట్టి, మొగుడి వైపు చూడకుండానే బయటికి నడిచింది.

ఆ రోజు కొట్టు తెరవలేదు. పిల్లను పట్టుకుంటానని ఆయన చెయ్యి చాపితే, "మీరు టైం చెప్పండి, చాలు" అంది ఆవిడ. గడియారం ముందు కూర్చుని తెల్లవార్లూ ఆయన టైం చెబుతూనే ఉన్నాడు.

పొద్దున్నే డాక్టరమ్మ లైటు వేసి అటూ ఇటూ తిప్పి చూసింది. పుండు పెరగలేదు, అంచులు కాస్త గట్టిపడ్డాయి. కన్ను తీయక్కర్లేదంది. కాకపోతే నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ జీవితాంతం ఉండిపోతుందనీ, ఆ వైపు చూపు కొంత మసకేననీ చెప్పింది.

ఆ మచ్చ పోవడానికి మందేమీ లేదా అని ఆయన అడిగాడు. బదులు భార్య నుంచి వచ్చింది.

"ఉండనివ్వండి. రోజూ మీకు కనబడుతూ ఉంటుంది."

కోపంగా కూడా అనలేదు. బయటికొచ్చాక సంచి సర్దుకోవడానికని బుడ్డిదాన్ని ఆయన చేతుల్లో పెట్టింది. అది కుడి కన్ను సగం తెరిచి ఆయన మొహంలోకి చూసింది. నడివీధిలో నిలబడి ఆయన ఏడ్చేశాడు.