కలానికి కట్టు

వరద నీళ్లు కిటికీల దాకా వచ్చిన ఏడాది అది. నీళ్లు తీశాక ఊళ్లో ప్రతి ఇంటికీ అద్దాలు కావాల్సి వచ్చాయి. అద్దాల దుకాణం పెద్దాయనకు ఊపిరి సలపని పని.

సరిగ్గా అప్పుడే ఆయన చేతులు మొండికేశాయి.

వేళ్ల చర్మం ఎండి నున్నబడింది. పట్టిన వస్తువు జారుతుంది. జారుతుందేమోనని బిగిస్తాడు. బిగిస్తే వణుకు. గాజు కోసే కలం తేలిగ్గా నడవాలి, జర్రున ఒకటే గీత పడాలి. ఆయన అదిమేసరికి గీత చిట్లి, పలక వంకరగా విరిగేది. దర్జీ కొట్టుకు చేయాల్సిన నిలువుటద్దం అలాగే రెండుసార్లు పాడైంది. ఇక ఒక్క పలకే మిగిలింది.

ఆ సాయంత్రం కోడలు చెయ్యి చాపింది. ఆమెకు పని నేర్పింది ఆయనే.

"కలం ఇటివ్వండి మామయ్యా. రేపు నేను కోస్తాను. మీరు కొలతలు చూడండి చాలు."

పెద్దాయన ఇవ్వలేదు.

గుమ్మంలో కూర్చున్న బావమరిది ఊరుకుంటాడా? "ఇచ్చెయ్యి బావా. మొన్న నీ చేతిలో టీ గ్లాసే నిలవలేదు. టీ అంతా నా చొక్కా తాగింది."

"మంచిదేగా. ఆ వంకనైనా ఉతికావు."

వాళ్లు వెళ్లాక సైకిల్ ట్యూబు ముక్క కోసి కలం పిడికి చుట్టాడు. పిడి లావైంది, వేళ్లు అంతగా ముడవక్కర్లేదు. పుస్తకం పేజీ తిప్పేవాడిలా వేలికొసలు తడిగుడ్డకు అద్దుకున్నాడు. పట్టు దొరికింది. విరిగిన ముక్కల మీద గీశాడు. చెయ్యి పాత అలవాటుకొద్దీ అదుముతూనే ఉంది.

"వదులు, వదులు" అని చేతినే కసిరాడు. దీపం పెట్టే వేళకు ఒక ముక్క మీద గీత జర్రున పడింది.

మర్నాడు పొద్దున్నే బావమరిది కలం చూసి నవ్వాడు. "కట్టు దీనికి కట్టావేంటి బావా? దెబ్బ దీనికా తగిలింది?"

పెద్దాయన కోడలి వైపు తిరిగాడు. "ఇకమీద పలకలు ఎత్తడం నువ్వూ మీ ఆయనా చూసుకోండి. ఇవాళ్టికి ఆ కొస పట్టుకో అమ్మా. కోత మాత్రం నాది."

ఇద్దరూ పలకను బల్ల మీద పడుకోబెట్టారు.

"ఇది పోతే ఇంకోటి లేదు మామయ్యా."

"తెలుసు."

వేళ్లు తడి చేసుకుని, కలం ఆనించి, వదులుగా లాగాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా జర్రుమంది. గీత కింద పుల్ల పెట్టి రెండు పక్కలా నొక్కితే టక్కున, తిన్నగా విడిపోయింది.

కోడలు ఊపిరి వదిలింది. పెద్దాయన కలం జేబులో పెట్టుకుని, రెండో పక్క కొలవడానికి టేపు కొస ఆమెకు అందించాడు.