మార్గరెట్ చెప్పని పేరు

లాత్‌గిల్ అనే ఇంటిపేరున్నవాళ్లు ప్రపంచం మొత్తం మీద నాలుగు వందల పన్నెండు మంది బతికున్నారు. ఆస్ట్రేలియాలో నూట డెబ్బై ఒకరు. లాంకషైర్ మిల్లు ఊళ్లలో ఎనభై ఎనిమిది మంది. కెనడాలో అరవై చిల్లర, న్యూజిలాండ్‌లో యాభై లోపు. మిగతావాళ్లు ఎక్కడెక్కడో ఒకరూ ఇద్దరూ. ఆ పేరు పుట్టిన మా లోయలో తొమ్మిది మంది.

ఈ లెక్క ఆవ్రిల్ లాత్‌గిల్‌ది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె లాత్‌గిల్ కుటుంబ సంఘానికి రిజిస్ట్రార్. బతికున్నవాళ్లకీ పోయినవాళ్లకీ మనిషికొక కార్డు రాసింది. పుట్టుక, పెళ్లి, చావు, తల్లి, తండ్రి, ఊరు. కార్డులు రెండు చెక్కపెట్టెల్లో ఉంటాయి. మొదటి పెట్టె వంశానిది. రెండో పెట్టె మీద 'ఇతరులు' అని ఉంటుంది. దత్తత వచ్చినవాళ్లు, ఏ కారణానో ఆ పేరు తగిలించుకున్నవాళ్లు అందులోకి పోతారు.

జూన్ రెండో శనివారం సంఘం వార్షిక సమావేశం జరిగింది. ఆ రోజు తన సొంత కుటుంబాన్ని మొదటి పెట్టెలోంచి తీసి రెండో పెట్టెలో పెట్టమని ఆవ్రిల్‌ని అడిగారు.

దానికి కారణం ఆమె అన్న క్లిఫర్డ్ ఉమ్మి.

రెండేళ్ల కిందట రస్సెల్ లాత్‌గిల్ ఒక పరీక్ష ఏర్పాటు చేశాడు. అతనిది ఆస్ట్రేలియాలోని టూవూంబా, సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి వాడి కొడుక్కి మాత్రమే దిగే గుర్తొకటి రక్తంలో ఉంటుందట. దాన్ని చూసే పరీక్ష అది. ఏడుగురు మగవాళ్లు గొట్టంలో ఉమ్మి పంపారు. ఆరుగురివి కలిశాయి. కలవనిది క్లిఫర్డ్‌ది. ఫలితం ఆ ఏడు ఫిబ్రవరిలో వచ్చింది. క్లిఫర్డ్‌ని జనవరిలోనే పాతిపెట్టారు.

"బతికినన్నాళ్లూ నాన్న ఎవరి జోలికీ పోలేదు. పోయాక ఒక్క ఉమ్మితో నాలుగు దేశాలకి తగువు పెట్టాడు" అన్నాడు అతని కొడుకు అలెక్. అతను లోయలో గొర్రెలు పెంచుతాడు. ఆ ఉదయం ఊరి హాల్లో కుర్చీలు వేస్తున్నాడు.

పేరు పుట్టిన చోటు ఆ హాలుకి మైలు పైన ఉంది. లాత్ అంటే పాతకాలపు మాటల్లో కొట్టం, గిల్ అంటే కొండవాగు. వాగు పక్క కొట్టం ఉన్న పొలాన్ని లాత్‌గిల్ అన్నారు, ఆ పొలం దున్నినవాణ్ణీ లాత్‌గిల్ అన్నారు. 1379 నాటి పన్ను జాబితాలో ఆడమ్ అనే రైతు పేరు పక్కన ఆ మాట మొదటిసారి కనిపిస్తుంది. ఇప్పుడు ఆ ఇల్లు సెలవులకి వచ్చేవాళ్లకి వారం చొప్పున అద్దెకిస్తారు. పొలం గొర్రెలు మాత్రం అలెక్‌వే.

పదకొండు గంటలకి అరవై ముగ్గురు వచ్చారు. సంఘంలో ఒకరినొకరు కజిన్ అని పిలుచుకోవడం అలవాటు. మొదటిసారి వచ్చినవాడైనా తలుపు దాటగానే కజిన్ అవుతాడు.

రస్సెల్ టీ బల్ల దగ్గరికొచ్చి, "బాగున్నారా, మిస్ లాత్‌గిల్" అన్నాడు.

"పోయినేడు కజిన్‌ని. ఎప్పుడు దిగిపోయాను?" అంది ఆవ్రిల్.

"నా ఉద్దేశం అది కాదు."

"కాదులే. టీ తాగు, చల్లారుతుంది."

హాలు గోడకి తొమ్మిదడుగుల వంశ చార్టు వేలాడుతోంది. దాన్ని 1996లో సంఘం అధ్యక్షుడు డెస్మండ్ లాత్‌గిల్ చేత్తో గీశాడు. ఆయన బర్న్‌లీలో హెడ్‌మాస్టరుగా చేసిన మనిషి. వయసు ఎనభై ఒకటి. సంఘం పెట్టింది ఆయనే, నియమాలు రాసిందీ ఆయనే. అరవై ఎనిమిదేళ్ల ఆవ్రిల్‌ని ఇప్పటికీ అమ్మాయ్ అనే పిలుస్తాడు.

డెస్మండ్ తీర్మానం చదివాడు. శరదృతువులో అచ్చయ్యే వంశ పుస్తకంలో, 1741లో పుట్టిన జాన్ లాత్‌గిల్‌నీ అతని సంతతినీ మొదటి భాగం నుంచి తీసి 'ఇతరులు' అనే రెండో భాగంలో చేర్చాలి. ఆ సంతతిలో బతికున్నవాళ్లు లోయలోని తొమ్మిది మందే.

రస్సెల్ లేచాడు. "ఎవర్నీ తక్కువ చెయ్యడానికి కాదిది. వంశం అన్నాక వంశమే. పుస్తకంలో అబద్ధం అచ్చేస్తే రేపు మన మనవలు మనల్ని చూసి నవ్వుతారు."

"అబద్ధం అచ్చెయ్యొద్దు. అక్కడిదాకా మనిద్దరిదీ ఒకటే మాట" అంది ఆవ్రిల్. "ఆ అబద్ధం ఎక్కడుందో చూద్దాం రా."

ఆమె గోడ దగ్గరికి వెళ్లింది. "ఇక్కడ విలియం. పరీక్షలో కలిసిన ఆరుగురి మూలపురుషుడు. ఆయన కింద కొడుకు జాన్ అని ఉంది. మా మూలపురుషుడు. డెస్మండ్, ఇది రాసిందెవరు?"

"నేనే."

"నా కార్డులో ఏముందో చదువుతాను." మొదటి పెట్టెలోంచి ఒక కార్డు తీసింది. "జాన్. బాప్తిస్మం 1741 మార్చి నాలుగు. తల్లి మార్గరెట్ లాత్‌గిల్, విలియం చెల్లెలు, పెళ్లి కాలేదు. తండ్రి, చెప్పలేదు." కార్డు పైకెత్తింది. "ఇది రాసి ఇరవై ఎనిమిదేళ్లు. పెట్టె బల్ల మీదే ఉంటుంది. ఎవరైనా తీసి చూశారా?"

డెస్మండ్ కళ్లద్దాలు తీశాడు.

"చార్టు తగిలించిన రోజు మీ అమ్మ ముందు వరసలో కూర్చుంది అమ్మాయ్. చర్చిలో పూలు పెట్టే మనిషి. ఆవిడ ఎదుట ఆ మాట గోడకెక్కించమంటావా? మర్యాదగా ఉంటుందని జాన్‌ని విలియం కొడుకుని చేశాను. కొడుకో మేనల్లుడో, ఇంటి పిల్లాడే కదా అనుకున్నా."

"మా అమ్మకి తెలుసు డెస్మండ్. నాకు చెప్పిందే అమ్మ. మీ చార్టు చూసి ఇంటికొచ్చి కడుపు పట్టుకుని నవ్వింది. 'రెండొందల యాభై ఏళ్లుగా దొరకని తండ్రిని మాస్టారు ఒక్క మధ్యాహ్నంలో పట్టుకున్నాడే' అంది."

వెనక వరసలో ఎవరో నవ్వారు. డెస్మండ్ నవ్వలేదు.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని రస్సెల్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

"అది నా తప్పు. పెద్దాయన మర్యాద కోసం చేశాడు, నేనూ మర్యాద కోసం ఊరుకున్నా. చార్టు గోడకెక్కినప్పటి నుంచి ఇరవై మూడేళ్లు. ఆ మర్యాదే ఇప్పుడు మమ్మల్ని రెండో పెట్టెలోకి తోస్తోంది. ఇక చాలు. ఒకటి చెప్పు, మార్గరెట్ ఏ పెట్టెలో ఉండాలి?"

"మొదటిదాంట్లోనే. లాత్‌గిల్ ఆడపడుచు."

"ఆమె కన్నవాడు?"

"తండ్రి ఎవరో తెలియదు కాబట్టి..."

"తల్లి తెలుసుగా."

"అలా అయితే ప్రతి లాత్‌గిల్ ఆడపిల్ల పిల్లలూ లోపలికొస్తారు" అన్నాడు రస్సెల్. "స్మిత్‌లొస్తారు, బ్రౌన్‌లొస్తారు. పెట్టెలు చాలవు."

"వాళ్లకి వాళ్ల నాన్నలు పేరిచ్చారు. మావాడికి అమ్మ ఇచ్చింది. ఎంత పెట్టి ఇచ్చిందో వినండి."

ఆమె సంచిలోంచి కాగితం తీసింది. జిల్లా దస్తావేజుల కార్యాలయంలో ఉన్న మా చర్చి పెద్దల పుస్తకంలోంచి ఒక పేజీ నకలు అది. ఆ కాగితం నేను తరవాత అడిగి తీసుకున్నాను. చదివింది చదివినట్టే ఉంది.

"మార్గరెట్ లాత్‌గిల్, పెళ్లి కానిది, మగబిడ్డ. తండ్రి పేరు అడిగితే చెప్పలేదు. నొప్పులు పడుతుండగా మంత్రసాని అడిగితే చెప్పలేదు. మళ్లీ అడిగితే చెప్పలేదు. మూడు ఆదివారాలు తెల్లదుప్పటి కప్పుకుని, చెప్పులు లేకుండా, చేతిలో తెల్లకర్రతో అందరి ముందు నిలబడింది. మూడో ఆదివారం అడిగితే చెప్పలేదు."

కాగితం దించింది.

"తెల్లదుప్పటి చర్చి వేసిన శిక్ష. నొప్పుల్లో అడగడం అప్పటి ఆనవాయితీ. చెప్పేదాకా మంత్రసాని చెయ్యి వెయ్యకూడదు. చెబితే పిల్లాడికి ఆ మగవాడి పేరు పెట్టేవాళ్లు. చెప్పలేదు కాబట్టి లాత్‌గిల్ అయ్యాడు. విలియం మనవడు ఓడెక్కి మీ దేశం పోయాడు రస్సెల్, తప్పులేదు. మిగతావాళ్లు మిల్లులకి పోయారు. వాగు పక్కన ఈ పేరుతో మిగిలింది ఆ పిల్లాడి వాళ్లే. ఆవిడ నోరు విప్పి ఉంటే ఇవాళ మీరు చూసిపోవడానికి ఇక్కడ ఒక్క లాత్‌గిల్ కూడా ఉండేవాడు కాదు."

"కింద సంతకాలు చదవలేదు అత్తా" అన్నాడు అలెక్.

"వద్దులే అనుకున్నా. అడిగావుగా. చర్చి పెద్దలు ఇద్దరు సంతకం పెట్టారు. రెండోది విలియం లాత్‌గిల్."

రస్సెల్ చెయ్యి చాపాడు. ఆవ్రిల్ కాగితం ఇచ్చింది. అతను సంతకం దగ్గర వేలు పెట్టి చూసి తిరిగి ఇచ్చేశాడు. "అది ఆయన చేసిన పని. నేను బాధపడగలను. కానీ దానికీ దీనికీ సంబంధం లేదు. పరీక్ష పరీక్షే."

"అవును. మీ పరీక్షకి ఆడది కనిపించదు. మా అన్న ఉమ్మిలో మార్గరెట్ ఉంది. చూసే గుర్తు లేదు కాబట్టి లేదంటున్నారు."

చేతులెత్తించారు. తీర్మానానికి అనుకూలం ముప్పై నాలుగు. వ్యతిరేకం ఇరవై తొమ్మిది. డెస్మండ్ రెండుసార్లు లెక్కపెట్టాడు. ఆయన చెయ్యి వ్యతిరేకంలో ఉంది.

"నెగ్గింది" అన్నాడు. ఆవ్రిల్ వైపు తిరిగి, "అమ్మాయ్, మరి కార్డులు..."

"మార్చను."

"ఓటు అయిపోయింది కదా" అన్నాడు రస్సెల్.

"అయింది. తొమ్మిదో నియమం చదవండి డెస్మండ్."

డెస్మండ్ పుస్తకం తెరవలేదు. "నాకు నోటికొచ్చు. కార్డు మార్చే హక్కు రిజిస్ట్రార్ చేతికే. రిజిస్ట్రార్ సంతకం లేకుండా ఏ వంశ పత్రమూ అచ్చుకి పోదు. రిజిస్ట్రార్‌ని తీసెయ్యాలంటే సభలో మూడింట రెండు వంతులు కావాలి."

"అరవై ముగ్గురిలో అంటే నలభై రెండు. మీకున్నది ముప్పై నాలుగు. ఇంకో ఎనిమిది మందిని తెచ్చుకోండి, పెట్టెలు ఇచ్చేస్తా. ఇప్పుడే అడుగు."

రస్సెల్ హాలు వైపు తిరిగాడు. "రిజిస్ట్రార్‌ని తొలగించాలని ప్రతిపాదిస్తున్నాను. అనుకూలంగా ఎవరు?"

పంతొమ్మిది చేతులు లేచాయి. వంశం విషయంలో ఆమెకి వ్యతిరేకంగా ఓటేసినవాళ్లలో పదిహేనుగురు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. బర్న్‌లీ నుంచి వచ్చిన ఒకావిడ పక్కామెతో, "ముప్పై ఒక్క ఏళ్లు కార్డులు రాసిన మనిషిని పీకేస్తారా? వీడొచ్చి రాస్తాడా?" అంది. అందరికీ వినిపించింది.

"ఇలా ఎన్నాళ్లు ఆపుతారు?" అని రస్సెల్ అడిగాడు.

"మా అమ్మ తొంభై నాలుగేళ్లు బతికింది. నాకు అరవై ఎనిమిది. సర్వేయరువి, కొలుచుకో."

"పంతం కోసం పుస్తకం ఆపేస్తారా?"

"పంతమే. మా ఇంట్లో పాతదే. మార్గరెట్ కొడుకు మార్గరెట్ కింద, మొదటి భాగంలో, తండ్రి చెప్పలేదు అని ఉన్న పేజీ తీసుకురా. ఆ క్షణమే సంతకం పెడతా."

టీకి లేవబోతున్నవాళ్లని ఆవ్రిల్ ఆపలేదు. ఒక కుర్చీ లాగి గోడకి ఆనించింది. అలెక్ వచ్చి కుర్చీ పట్టుకున్నాడు.

"పడితే నడుం విరుగుతుంది అత్తా. నేనెక్కుతా."

"రిజిస్ట్రార్‌వి నువ్వా? పట్టుకో గట్టిగా."

ఎక్కి నల్లపెన్ను మూత తీసింది. విలియం నుంచి జాన్‌కి దిగే గీతని కొట్టేసింది. విలియం పక్కన మార్గరెట్ పేరు చిన్న అక్షరాల్లో ఉంది. దాని కింద ఏమీ లేదు. అక్కడినుంచి జాన్ వైపు కొత్త గీత మొదలుపెట్టింది.

"ఆ చార్టు సంఘం ఆస్తి" అన్నాడు రస్సెల్. "నా అభ్యంతరం రాసుకోండి."

"రాస్తాను" అన్నాడు డెస్మండ్. బల్ల మీంచి స్కేలు తీసుకుని, మెల్లగా నడిచి కుర్చీ దగ్గరికొచ్చాడు. పైకి అందించాడు.

"వంకర పోతోంది అమ్మాయ్. దీంతో గియ్యి."

ఆవ్రిల్ స్కేలు పెట్టి గీసింది. గీత పక్కన 'తండ్రి: చెప్పలేదు' అని రాసింది. చార్టు ఎత్తు వల్ల అక్షరాలు కొంచెం పక్కకి ఒరిగాయి.

సెప్టెంబరులో సభ్యులకి సమావేశ నివేదిక పోస్టులో వచ్చింది. అందులో ఆరో అంశం డెస్మండ్ భాషలో ఇలా ఉంది. "రిజిస్ట్రార్ వంశ చార్టులో 1996 నుంచి ఉన్న ఒక తప్పు దిద్దారు. తప్పు అధ్యక్షుడిది. మిస్టర్ రస్సెల్ లాత్‌గిల్ అభ్యంతరం తెలిపారు. దిద్దుబాటు అలాగే ఉంటుంది."

పుస్తకం ఇంకా అచ్చు కాలేదు.