గళ్ల బాబాయి గీసిన బాణం

అడ్డంగా ఎనిమిది గళ్లు, నిలువుగా అయిదు. నాలుక కొస పళ్ల మధ్య బిగబట్టి, స్కేలు జరుపుతూ ఆయన పొద్దున్నుంచి పదకొండో కాగితం గీస్తున్నాడు. కంప్యూటర్లూ ఫైనాన్సూ కలిపి చెప్పే డిగ్రీకి ఏ సెమిస్టరులో ఏ సబ్జెక్టు చదవాలో ఆ గళ్లలో రాసివ్వడం ఆయన పని. పంతొమ్మిదేళ్లుగా కాలేజీ ఆఫీసులో అదే కౌంటరు, అదే కుర్చీ. కుర్చీ ఎడమ చెయ్యి ఊడితే దారంతో కట్టాడు. పిల్లలు ఆయన్ని గళ్ల బాబాయి అంటారు. మొహం మీదే అంటారు.

“మీ డిగ్రీ ఇద్దరు పెళ్లాల కాపురం రా! ఈ ఇంట్లో తిన్నది ఆ ఇంట్లో చెప్పకూడదు,” అన్నాడు కొత్తగా చేరినవాళ్లతో. వాళ్లు పడీపడీ నవ్వారు.

వాళ్లు కదిలాక, వెనక నిలబడ్డ ఆఖరి సెమిస్టరు అమ్మాయి కనిపించింది. చేతిలో నాలుగేళ్ల కిందట ఆయనే గీసిచ్చిన కాగితం, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది.

“బాబాయ్, నాకు డిగ్రీ ఇవ్వరంట. ఫైనాన్సు వాళ్ల స్టాటిస్టిక్స్ చదవలేదంట.”

“ఎవడే అన్నది? కంప్యూటర్ల వాళ్లది చదివావుగా. రెండూ ఒకటే తల్లీ.”

“పరీక్షల ఆఫీసులో అన్నారు. సర్క్యులర్ ఉందంట.”

కాగితంలో ఒక గడి నుంచి ఇంకో గడికి బాణం ఉంది. ఇక్కడ చదివితే అక్కడ చదవక్కర్లేదని దాని అర్థం. ఆ కిటుకు ఆయనే కనిపెట్టాడు. ఒక్కో పిల్లకీ ఒక్కో సబ్జెక్టు తప్పించానని మురిసిపోయేవాడు.

ఫైలు తీశాడు. సర్క్యులర్ ఉంది. ఆమె చేరిన ఏడాదిదే. చూడగానే గుర్తొచ్చింది. అది వచ్చిన రోజు ముక్కు పట్టుకుని, ఫైనాన్సు హెడ్డు గొంతుతో ఆఫీసులో అందరికీ చదివి వినిపించాడు. టైపిస్టమ్మ నవ్వలేక కుర్చీలోంచి జారిపోయింది. ‘కంప్యూటర్ల విభాగపు స్టాటిస్టిక్స్ ఇకపై చెల్లదు’ అన్న వాక్యాన్నే అన్నిటికంటే సాగదీసి చదివాడు.

ఆ ఏడు చేరినవాళ్లలో మిగతా అందరూ నోటీసు బోర్డు చూసుకుని రెండూ చదివేశారు. ఈ పిల్ల పొద్దున కొట్లో పనిచేసి, పరుగున క్లాసుకొచ్చేది. బాబాయి కాగితాన్నే నమ్ముకుంది.

పొద్దున్నుంచి గీసిన కాగితాలన్నిటిలోనూ ఆ బాణం ఉంది.

మెట్లెక్కాడు. ఫైనాన్సు హెడ్డు కళ్లజోడు తుడుచుకుంటూ, “వాళ్లది సరిపోతుందని కంప్యూటర్ల వాళ్లని రాసిమ్మనవయ్యా, చూద్దాం,” అన్నాడు. ఇంకో రెండంతస్తులు ఎక్కాడు. “మాది ఎవరికి సరిపోతుందో మేమెందుకు రాస్తాం?” అంది కంప్యూటర్ల హెడ్డు. మళ్లీ దిగాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

“తప్పు నాదండీ,” అన్నాడు ఫైనాన్సు హెడ్డుతో. “నా ఉద్యోగం పీకెయ్యండి. ఆ పిల్ల డిగ్రీ ఇచ్చెయ్యండి.”

హెడ్డు నవ్వాడు. “నీ జోకులకి వేళాపాళా లేదయ్యా.”

కిందికొచ్చేసరికి ఆమె కౌంటరు ముందు బెంచీ మీద, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చునే ఉంది. ఆయన మొహం చూసి లేచింది.

“ఒక్క ఏడాది తల్లీ. వచ్చే ఏడు ఆ సబ్జెక్టు మళ్లీ పెడతారు.”

“ఒకటో తారీఖున ఉద్యోగంలో చేరాలి బాబాయ్. సర్టిఫికెట్ లేకపోతే రావద్దన్నారు. ఈ ఏడుదాకానే చదివిస్తానని అన్నయ్య ముందే చెప్పాడు. ఇంకో ఏడని ఏ మొహం పెట్టుకుని అడగను? కొట్లో రోజంతా రమ్మంటున్నారు. వెళ్తాను.”

“నేనొచ్చి మీ అన్నయ్యకి చెప్తాను.”

“ఏం చెప్తారు? నవ్విస్తారా?”

దెప్పుతూ అన్లేదు. నిజంగానే అడిగింది. ఆయన కౌంటరు వెనక్కి వెళ్లి సొరుగు లాగాడు.

చదువు మానేసేవాళ్ల ఫారం ఇచ్చేదీ ఆ కౌంటరులోనే. ఒక్కో వరుసా వేలు పెట్టి, తన సొంత గొంతుతో మెల్లగా చదివి వినిపించాడు. సంతకం ఎక్కడో చూపించాడు. ఆమె పెట్టింది.

“ఉంటాను బాబాయ్.”

తలుపు దగ్గర, లోపలికొచ్చే పిల్లలకి పక్కకి తప్పుకుని దారిచ్చి, వెళ్లిపోయింది.

మానేసేవాళ్లు గుర్తింపు కార్డు అప్పగించాలి. నీలం తాడు నీటుగా చుట్టిన ఆ కార్డు కౌంటరు మీద ఉంది. చేరిన రోజు కెమెరా వెనక నుంచి ఆయన ఏదో అన్నందుకు, పెదాలు బిగబట్టినా ఆగని నవ్వు ఆ ఫొటోలో.